అప్‌డేట్: ఏఎంహెచ్ 0.6, వయసు 38

మార్చిలో అడిగాను కదా, ఏఎంహెచ్ (అండాల నిల్వ చెప్పే రక్తపరీక్ష) 0.6 వచ్చింది, తక్కువట, పిల్లల కోసం ఐవీఎఫ్‌కి వెళ్తే దాత అండాలు తప్ప దారి లేదంటున్నారు, ఏం చేయమంటారని. ఇంకో డాక్టరుకి చూపించమని చాలామంది అన్నారు. చూపించాం, విజయవాడ సూర్యారావుపేటలోనే వేరే చోట. ఏఎంహెచ్ అండాలు ఎన్ని మిగిలాయో చెబుతుంది కానీ ఎలాంటివో చెప్పదట. అండాల నాణ్యత ఎక్కువగా వయసుని బట్టేనట. ఈ ఒక్క ముక్క మొదటి డాక్టరు చెప్పుంటే నేను అన్ని రాత్రులు ఏడ్చేదాన్ని కాదు.

పీరియడ్ రెండో రోజు స్కాన్‌లో రెండు అండాశయాల్లో కలిపి ఐదు ఫాలికల్సే (అండాలుండే చిన్న సంచులు) కనిపించాయి. అయినా సొంత అండాలతోనే ఒకసారి చూద్దామనుకున్నాం. పదకొండు రోజులు పొట్టకి ఇంజెక్షన్లు. ఫ్రిజ్‌లో గోంగూర పచ్చడి డబ్బా పక్కన ఇంజెక్షన్ పెన్ను చూసి "నీకు షుగరెప్పుడొచ్చిందమ్మా?" అన్నారు అత్తయ్య. మా ఆయన నవ్వాపుకోలేక బాల్కనీలోకి వెళ్లిపోయారు. నేను ఊఁ అని ఊరుకున్నాను, ఆ రోజు నుంచి నా కాఫీలో చక్కెర లేదు!

నాలుగు అండాలు తీశారు. మూడు పక్వమైనవి, రెండు ఫలదీకరణ చెందాయి, ఐదో రోజుకి మిగిలిన పిండం ఒక్కటే. దాన్ని ఫ్రీజ్ చేశారు. ట్రాన్స్‌ఫర్, అంటే దాన్ని గర్భసంచిలో పెట్టడం, వచ్చే నెల. టెన్షన్ తగ్గలేదు. నిద్ర మాత్రం పడుతోంది.