వెంట ఉంచుకునే పిస్తోలు కొనేటప్పుడు విడిభాగాలు, మరమ్మతు సంగతి ఎంతవరకు చూడాలి?

ప్రశ్న: ఎనుమాముల అడ్తిదారు

అందరికీ నమస్కారం. నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి, పత్తి అడ్తి వ్యాపారం చేస్తున్నాను. సీజన్‌లో నగదుతో రాత్రిపూట ప్రయాణించవలసి వస్తుంది కనుక ఆయుధ లైసెన్సుకు దరఖాస్తు చేసుకున్నాను; అది ఈ మధ్యనే మంజూరైంది. మా కుటుంబానికి తెలిసిన ఒక పెద్దమనిషి తన దగ్గరున్న పాత కోల్ట్ 1903 నమూనా .32 (తూటా కొలత) పిస్తోలును అమ్ముతానంటున్నారు. అది పలుచగా ఉండి చొక్కా కింద కనబడదు, చేతికి చక్కగా అమరుతుంది. రెండో అవకాశం కాన్పూరులో తయారయ్యే కొత్త .32 రివాల్వర్. మిత్రులందరూ పిస్తోలువైపే మొగ్గు చూపుతున్నారు. అయితే యార్డులో మా కాటా పాడైతే సాయంత్రంలోగా బాగుచేసే మనిషి దొరుకుతాడు కానీ, ఈ పిస్తోలులో ఒక స్ప్రింగు విరిగితే నేను ఎవరి దగ్గరకు వెళ్లాలన్నది ఎవరూ చెప్పడం లేదు. అనుభవమున్నవారు దయచేసి తెలపండి.

సమాధానం: కాజీపేట విశ్రాంత ఆర్మరర్

మీరు అడిగిన ప్రశ్న కొనే ముందు అడగవలసిన ప్రశ్నే. నేను సైన్యంలో ఆయుధాల మరమ్మతు పనిలోనే ఉద్యోగకాలమంతా గడిపాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

కోల్ట్ 1903 చాలా మంచి పిస్తోలు, అందులో సందేహం లేదు. కానీ దాని తయారీ 1945లోనే ఆగిపోయింది. అంటే మీరు చూస్తున్న ముక్కకు ఎంత తక్కువగా లెక్కవేసినా ఎనభై ఏళ్ల వయసు ఉంటుంది. పైగా అది తయారైన నాలుగు దశాబ్దాలలో భాగాల రూపం ఒకేలా లేదు. తొలి పిస్తోళ్లలో బారెల్ (తూటా వెళ్లే గొట్టం) మూతి దగ్గర విడిగా ఒక బుషింగ్, అంటే బారెల్‌ను పట్టి ఉంచే చిన్న వలయం, ఉండేది, తరువాతి వాటిలో దానిని తీసేశారు. కాబట్టి "కోల్ట్ 1903 భాగం ఒకటి దొరికింది" అని ఎవరైనా చెప్పినంత మాత్రాన అది మీ పిస్తోలులో కూర్చుంటుందన్న భరోసా లేదు. వ్యక్తులు విదేశీ తుపాకులను దిగుమతి చేసుకోవడంపై 1980ల నడుమ నుంచి కట్టడి ఉన్నందువల్ల మన దేశంలో ఇటువంటి పిస్తోళ్ల భాగాలు చాలావరకు మరో పాత పిస్తోలు నుంచి ఊడదీసినవే అయి ఉంటాయి.

ముందుగా పాడయ్యేవి పెద్ద భాగాలు కావు. బారెల్, ఫ్రేము మీ మనుమల కాలానికీ నిలుస్తాయి. అలిసిపోయేది పేలిన తరువాత పైభాగాన్ని ముందుకు నెట్టే రీకాయిల్ స్ప్రింగు, మొన అరిగేది ఖాళీ తూటాను బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్, విరిగేది తూటాను పేల్చే సూది లాంటి ఫైరింగ్ పిన్, పెదవులు (పై అంచులు) వంగి తూటాను సరిగా అందించలేకపోయేది తూటాలు నింపే డబ్బా, అంటే మ్యాగజైన్. నన్నడిగితే వీటన్నిటిలో మ్యాగజైనే అతి సున్నితమైనది. అది లేని పిస్తోలు మహా అయితే ఒక్కో తూటా చేతితో పెట్టుకుని కాల్చే గొట్టంతో సమానం. అందువల్ల ఆ పెద్దమనిషి దగ్గర ఎన్ని మ్యాగజైన్లు ఉన్నాయో మొదట అడగండి.

ఇక రివాల్వర్ సంగతి. కాన్పూరు రివాల్వర్లలో ఎక్కువభాగం వెబ్లీ మార్క్ 4 అనే పాత బ్రిటిష్ రివాల్వర్ పద్ధతిలో నడుమ మడత విరిగి తెరుచుకునేవి; 2014లో వచ్చిన నిర్భీక్ కూడా ఆ కోవలోనిదే, బరువు సుమారు 500 గ్రాములు. 2023లో వచ్చిన ప్రబల్‌లో మాత్రం తూటాలు పెట్టే గుండ్రటి సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది. మడత రకంలో చూడవలసినది కీలు, దానిని మూసి ఉంచే పైనున్న లాచ్ (గడియ). తూటాలు లేవని రెండుసార్లు నిర్ధారించుకున్నాక, దుకాణంలోనే బారెల్‌ను మెల్లగా కదిపి చూడండి. కీలు వద్ద లొడలొడ ఉంటే బారెల్, సిలిండర్ గది ఒకే వరుసలో నిలవవు, దానిని తీసుకోకండి. మరో మాట, రివాల్వర్‌లో సిలిండర్‌ను తిప్పే చిన్న చెయ్యి, దానిని ఆపే మేకు కొత్తవి తెచ్చినా నేరుగా అతకవు, ఆకురాయితో వెంట్రుకవాసి అరగదీసి కూర్చోబెట్టాలి. భాగం దొరకడంతో పాటు దానిని కూర్చోబెట్టగల చెయ్యి కూడా దొరకాలన్నది మరవద్దు. ఇప్పుడు తయారీలో ఉన్న నమూనా అయితే ఆ రెండూ దొరికే దారి తెరిచి ఉంటుంది.

సమాధానం: హన్మకొండ వారసుడు

పై మాటలకు నా అనుభవం జతచేస్తాను. మా తాతగారి నుంచి మా నాన్నగారికి, ఆయన తరువాత లైసెన్సు మార్పుతో నాకు ఒక పాత విదేశీ .32 పిస్తోలు వచ్చింది. 2023 శాసనసభ ఎన్నికల సమయంలో నియమం ప్రకారం దానిని అప్పగించాను. తొందరలో నూనె పట్టించకుండానే ఇచ్చాను, తప్పు నాదే. తిరిగి తీసుకుని చూస్తే మ్యాగజైన్ లోపలి స్ప్రింగు మీద ఎర్రటి తుప్పు పొర పట్టి, వేలితో నొక్కితే సగం దూరంలోనే ఆగిపోయింది. ఒక స్ప్రింగు కోసం ఒక గన్ హౌస్ వారు నన్ను పదకొండు నెలలు తిప్పారు. చివరికి వచ్చినది వేరే నమూనాది. ఆ పదకొండు నెలలూ నేను లైసెన్సు ఉన్నా ఆయుధం లేనివాడిలాగే తిరిగాను. తాతగారి జ్ఞాపకం కనుక దానిని వదులుకోను, కానీ రక్షణకు దాని మీద ఆధారపడటం మానేశాను.

సమాధానం: కరీంనగర్ న్యాయవాది

చట్టపరమైన ఒక విషయాన్ని ఇక్కడ తప్పక చెప్పాలి. ఆయుధ చట్టం, 1959లో "ఆయుధాలు" అనే నిర్వచనంలో వాటి భాగాలు కూడా చేరి ఉన్నాయి, 5వ సెక్షన్ ప్రకారం తయారీకి, అమ్మకానికి, మరమ్మతుకు కూడా లైసెన్సు ఉండాలి. కాబట్టి "మనకు తెలిసిన లేత్ మిషన్ అతను ఫైరింగ్ పిన్ చేసిపెడతాడు" అన్న సలహా ఎవరిచ్చినా వినకండి. 2019 సవరణ తరువాత ఈ సెక్షన్ ఉల్లంఘనకు కనీస శిక్ష ఏడేళ్లు. మీ అవసరానికి ఆ కార్మికుడి కుటుంబం వీధిన పడుతుంది. మరమ్మతు అనుమతి ఉన్న డీలర్ వద్దకే తీసుకువెళ్లి, ఆయుధం సంఖ్యతో రసీదు తీసుకోండి. వ్యక్తి నుంచి కొనేటట్లయితే, అమ్మేవారు ముందుగా అధికారులకు లిఖితపూర్వకంగా తెలియజేసి 45 రోజులు ఆగాలి. ఆ గడువును ఆయుధాన్ని పరీక్ష చేయించడానికి వాడుకోండి.

ప్రశ్న అడిగినవారి జవాబు: ఎనుమాముల అడ్తిదారు

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. నిన్న ఆ పెద్దమనిషి తన పిస్తోలును అనుమతి ఉన్న డీలర్ వద్దకు తీసుకురాగా నేను కూడా వెళ్లాను. ఉన్నది ఒకే మ్యాగజైను. అక్కడి ఆర్మరర్ దాని పెదవులను భూతద్దంలో చూపించారు; ఎడమవైపు అంచు బయటికి వాలి ఉంది, ఎక్స్‌ట్రాక్టర్ మొన గుండ్రంగా అరిగిపోయింది. రెండింటికీ బదులు భాగాలు తన వద్ద లేవని ఆయన నిజాయితీగా చెప్పారు. పెద్దాయనతో మర్యాదగా వద్దని చెప్పి వచ్చాను, ఆయన కూడా నొచ్చుకోలేదు. కొత్త రివాల్వర్ చూస్తున్నాను. కాజీపేట సార్‌కు ఒక్క మనవి. మా యార్డులో మిర్చి దుమ్ము, పత్తి నూగు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. ఎన్నాళ్లకొకసారి శుభ్రం చేయాలో తెలుపగలరు.

సమాధానం: కాజీపేట విశ్రాంత ఆర్మరర్

సీజన్‌లో వారానికొకసారి, మిగిలిన కాలంలో నెలకొకసారి చాలు. నూనె పలుచగా పట్టించి పొడి గుడ్డతో తుడిచెయ్యండి. ఎక్కువ నూనె ఉంటే నూగు దానికి అంటుకుని ముద్ద కట్టి, సిలిండర్ బరువుగా తిరుగుతుంది. ఎండాకాలంలో చెమట తగిలిన రోజున మాత్రం ఇంటికి రాగానే తుడవండి, తెల్లవారేదాకా ఆగవద్దు.