హీలియం బెలూన్ ఎత్తే బరువు: పుస్తకంలోని లెక్కకూ తూకానికీ ఎందుకింత తేడా?

ప్రశ్న: భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, హైదరాబాద్

మా ఉన్నత పాఠశాల వైజ్ఞానిక ప్రదర్శన కోసం పదో తరగతి పిల్లలు ఒక చిన్న కెమెరాను హీలియం బెలూన్లకు కట్టి, తాడుతో నేలకు బిగించి, 60 మీటర్ల ఎత్తు నుంచి ఊరి చెరువును చిత్రీకరించాలని అనుకుంటున్నారు. కెమెరా, దాని పెట్టె కలిపి 250 గ్రాములు. తాడు మీటరుకు 2 గ్రాముల చొప్పున 120 గ్రాములు. పట్టికలో గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.293 కిలోలు, హీలియం సాంద్రత 0.179 కిలోలు అని ఉంది కనుక, ఘనపు మీటరు హీలియం 1.114 కిలోలు ఎత్తాలని లెక్క కట్టాం. అయితే తూకం యంత్రం మీద అరకిలో బాటు పెట్టి, దానికి నిండు బెలూనును కట్టి, అంకె ఎంత తగ్గిందో చూస్తే, రబ్బరు బరువును లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా దాదాపు ఆరో వంతు తక్కువే వస్తోంది. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తున్నదో తెలియజేయగలరు.

పిల్లల సందేహాలు మరో రెండున్నాయి. హైడ్రోజన్ సాంద్రత హీలియం సాంద్రతలో సగమే కదా, అది రెండింతల బరువు ఎందుకు ఎత్తదు? ఇక్కడి టీఐఎఫ్ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్) బెలూన్ కేంద్రం నుంచి ఎగిరే భారీ బెలూన్లను నేల మీద నిండా నింపకుండా, పైభాగంలో మాత్రమే కాస్త వాయువుతో ఎందుకు వదులుతారు?

సమాధానం: రసాయనశాస్త్ర అధ్యాపకురాలు, విశాఖపట్నం

మాస్టారూ, పిల్లల మొదటి సందేహంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిగిలిన లెక్కంతా దాని మీదే నిలబడుతుంది. బెలూనును పైకి ఎత్తేది అందులోని వాయువు కాదు, అది పక్కకు తోసిన గాలి. ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం ఉత్ప్లవన బలం ఆ గాలి బరువుకు సమానం. లోపలి వాయువు చేయగలిగిందల్లా ఆ బలం నుంచి తన బరువు మేరకు కోత పెట్టడమే. 15 డిగ్రీల దగ్గర, సముద్రమట్టం వద్ద ఘనపు మీటరు గాలి 1.225 కిలోలు ఉంటే, హీలియం అందులోంచి 0.169 కిలోలు తగ్గించి 1.056 మిగుల్చుతుంది, హైడ్రోజన్ 0.085 మాత్రమే తగ్గించి 1.14 మిగుల్చుతుంది. కోత సగానికి సగం తగ్గినా మిగులులో తేడా ఎనిమిది శాతమే. ఆ మాటకొస్తే బెలూనులో ఏమీ లేకుండా శూన్యాన్నే బంధించగలిగినా 1.225 కిలోలకు మించి ఎత్తలేం. 1670లో ఫ్రాన్సెస్కో లానా అనే ఇటలీ పాద్రీ, గాలి తీసేసిన పలుచని రాగి గోళాలతో ఎగిరే నౌకను ఊహించారు. సూత్రంలో దోషం లేదు. కానీ ఎగరగలిగేంత పలుచని రాగి రేకు బయటి వాతావరణ పీడనానికి నలిగిపోతుంది. తట్టుకునేంత మందంగా చేస్తే ఎగరదు.

అయితే ఆ ఎనిమిది శాతాన్ని తేలిగ్గా తీసుకోవద్దని పిల్లలకు చెప్పండి. హిండెన్‌బర్గ్ అనే జర్మనీ వాయునౌక ఘనపరిమాణం సుమారు 2,00,000 ఘనపు మీటర్లు. పై లెక్కన హైడ్రోజన్‌తో అది 228 టన్నులు, హీలియంతో 211 టన్నులు ఎత్తాలి. చట్రం, ఇంజన్లు, ఇంధనం ఏ వాయువు నింపినా అంతే బరువు కనుక, ఆ 17 టన్నుల కోత మొత్తం ప్రయాణికుల మీద, సరుకు మీదే పడుతుంది. దాన్ని మొదట హీలియం కోసమే రూపొందించారు, కానీ అమెరికా హీలియం ఎగుమతిని కట్టడి చేయడంతో హైడ్రోజన్ నింపారు. 1937 మే 6న అమెరికాలోని లేక్‌హర్స్ట్‌లో అది తగలబడిపోయింది. గాలిలో 4 శాతం నుంచి 75 శాతం దాకా ఎంత కలిసినా హైడ్రోజన్ అంటుకుంటుంది కనుక, జాతర బుడగల్లో చౌకగా దొరుకుతున్నదని దాన్ని బడి గుమ్మం తొక్కనివ్వకండి.

సమాధానం: వాతావరణ పరిశీలనలో పనిచేసి విశ్రాంతి తీసుకున్న ఉద్యోగి

మీ తూకం సరిగానే ఉంది, పట్టికే మీ ఊరిది కాదు. 1.293 అన్నది సున్నా డిగ్రీల దగ్గర, సముద్రమట్టం వద్ద గాలి సాంద్రత. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, మీరు తూచిన గదిలో ఏ 30 డిగ్రీలో ఉండి ఉంటాయి. పీడనాన్ని పాస్కళ్లలో తీసుకుని, పొడిగాలి వాయు స్థిరాంకమైన 287తోనూ కెల్విన్ ఉష్ణోగ్రతతోనూ భాగిస్తే పొడిగాలి సాంద్రత వస్తుంది. మీ దగ్గరి పీడనం సుమారు 95,000ను 287తో, ఆపై 303తో భాగించండి: 1.09 వస్తుంది. అవే పరిస్థితుల్లో హీలియం 0.15. మిగిలేది 0.94. మీ 1.114తో పోలిస్తే ఆరో వంతుకు కాస్త లోపుగా తగ్గింది, మీరు చూసిన తేడా అదే.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. ఫోన్‌లోని వాతావరణ యాప్ హైదరాబాద్‌కు కూడా 1010 హెక్టాపాస్కళ్ల (ఒక్కోటి వంద పాస్కళ్లు) దరిదాపుల్లోనే పీడనాన్ని చూపిస్తుంది. వేర్వేరు ఊళ్లను ఒకే పటం మీద పోల్చడానికి వీలుగా సముద్రమట్టానికి సవరించిన అంకె అది. మీ బెలూను చుట్టూ నిజంగా ఉన్న పీడనం సుమారు 950 మాత్రమే. ఆ సవరించిన అంకెతో లెక్క కడితే ఆరు శాతం అదనపు బరువును కాగితం మీదే ఎత్తేసినట్టు అవుతుంది.

తేమ గురించి కూడా ఒక మాట. ఉక్కపోతగా ఉన్న రోజున గాలి బరువెక్కిందని అంటుంటాం గానీ, నీటి ఆవిరి అణుభారం 18, గాలి సగటు అణుభారం 29, కాబట్టి తేమ గాలి నిజానికి తేలిక. వానాకాలపు ఉక్కలో సాంద్రత ఒక శాతానికి కొంచెం పైగా తగ్గుతుంది. మీ పనికి దాన్ని వదిలేసినా నష్టం లేదు.

వేడిగాలి బెలూన్ల విషయంలో మాత్రం వాతావరణాన్ని వదిలేయడం కుదరదు. అరకు లోయ ఎత్తులో, 12 డిగ్రీల తెల్లవారుజామున, లోపలి గాలిని 100 డిగ్రీలకు వేడి చేస్తే ఘనపు మీటరుకు 260 గ్రాముల దాకా ఎత్తుతుంది. అదే బెలూను 30 డిగ్రీల మధ్యాహ్నం 200 గ్రాములు కూడా ఎత్తలేదు. నాలుగో వంతు పోయినట్టే. వాటిని పొద్దున్నే ఎగరవేయడానికి గాలి నెమ్మదిగా ఉండడంతో పాటు ఇదీ ఒక కారణం.

మళ్లీ ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. 0.94తో లెక్క కడితే తూకానికి సరిపోయింది. 30 సెంటీమీటర్ల మామూలు బెలూన్లు చాలా కట్టడం మేలా, 90 సెంటీమీటర్లవి రెండు మూడు కట్టడం మేలా? దుకాణంలో దొరికే హీలియంలో కొంత గాలి కలిసి ఉంటుందని కూడా విన్నాను.

సమాధానం: రసాయనశాస్త్ర అధ్యాపకురాలు, విశాఖపట్నం

పెద్దవే మేలు. 30 సెంటీమీటర్ల గోళం 14 లీటర్లు. హైదరాబాద్‌లో 13 గ్రాములు ఎత్తుతుంది, అందులో మూడు గ్రాములు రబ్బరుకే పోతాయి. వ్యాసం మూడింతలైతే ఘనపరిమాణం 27 రెట్లు, ఉపరితలం 9 రెట్లే పెరుగుతాయి. 90 సెంటీమీటర్ల బెలూన్ 359 గ్రాములు ఎత్తుతుంది. రబ్బరు 60 గ్రాములనుకుంటే దాదాపు 300 మిగులుతాయి. మీ 370 గ్రాములకు కనీసం మూడో వంతు అదనంగా ఉంచుకోవాలి కనుక, పెద్దవి రెండు సరిపోతాయి, చిన్నవైతే యాభై దాకా కావాలి. పైగా చిన్నవాటిలో ఘనపరిమాణంతో పోలిస్తే ఉపరితలం ఎక్కువ కాబట్టి హీలియం త్వరగా కారిపోతుంది. యాభయ్యోది కట్టేలోగా మొదటివి వాడిపోవడం మొదలవుతుంది.

వాయువులో గాలి కలిస్తే లెక్క సులువు. ఘనపరిమాణంలో 5 శాతం గాలి ఉంటే ఎత్తే బరువు సరిగ్గా 5 శాతం తగ్గుతుంది, ఎందుకంటే ఆ భాగంలో లోపలా బయటా ఒకటే.

సమాధానం: బెలూన్ ప్రయోగాలను గమనించే ఇంజనీరు, సికింద్రాబాద్

టీఐఎఫ్ఆర్ బెలూన్ల సంగతి నేను చెబుతాను. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా పొలాల్లో దిగి జనాన్ని హడలెత్తించిన గుండ్రటి క్యాప్సూల్ కూడా ఆ కేంద్రం నుంచి ఎగిరినదే. స్పెయిన్ సంస్థ హాలో స్పేస్ పరీక్షా ప్రయోగం అది.

ఘనపరిమాణాన్ని పక్కనపెట్టి ద్రవ్యరాశితో ఆలోచించండి. ఒకే పీడనం, ఒకే ఉష్ణోగ్రత వద్ద సాంద్రతల నిష్పత్తి అణుభారాల నిష్పత్తే కనుక, కిలో హైడ్రోజన్ ఏ ఎత్తులోనైనా దాదాపు 14.4 కిలోల గాలిని తోసి, తన బరువు పోగా 13.4 కిలోలు ఎత్తుతుంది. వాయువు స్వేచ్ఛగా వ్యాకోచించగలిగినంత సేపూ, పైకి పోయేకొద్దీ ఎత్తే బలం తగ్గదు. 30 కిలోమీటర్ల ఎత్తున గాలి సాంద్రత ఘనపు మీటరుకు 0.018 కిలోలు, అంటే హైదరాబాద్ నేల మీద ఉన్నదానిలో అరవయ్యో వంతు. అక్కడ లక్ష ఘనపు మీటర్లు నిండాల్సిన బెలూనుకు నేల మీద సుమారు 1,700 ఘనపు మీటర్లు చాలు. ఎత్తే బరువు ఇక్కడైనా అక్కడైనా 1.7 టన్నులే, ప్లాస్టిక్ పొర బరువు కూడా అందులోనే. నిండిన తరువాత మాత్రం అదనపు వాయువు కింది గొట్టాల గుండా బయటికి పోతుంది, మిగులు బలం సున్నా అయ్యేసరికి బెలూను ఆ ఎత్తున నిలుస్తుంది. పొద్దుగూకితే వాయువు చల్లబడి కుంచించుకుపోతుంది. అప్పుడు బరువులు జారవిడవకపోతే కిందికి దిగడం మొదలవుతుంది.

మీ రబ్బరు బెలూన్లకూ ఇది కొంత వర్తిస్తుంది. 25 డిగ్రీల గదిలో బిగువుగా నింపి, 40 డిగ్రీల ఎండలోకి తెస్తే వాయువు 5 శాతం వ్యాకోచిస్తుంది, రబ్బరు పగిలే ప్రమాదం ఉంది. చెరువు గట్టు మీదే, నీడలో, కాస్త వదులుగా నింపండి. కెమెరా కట్టే ముందు అంతే బరువున్న ఇసుక సంచిని కట్టి 60 మీటర్ల తాడూ వదిలి చూడండి; ఏమాత్రం గాలి వీచినా తాడు ఏటవాలుగా వంగిపోయి, బెలూను ఎత్తుకు బదులు పక్కకు సాగుతుంది. అలా సాగితే మూడో బెలూను కట్టండి.