ఇంటి రిపేర్లు మనమే చేసుకోవచ్చా, పనివాళ్లనే పిలవాలా?

పాతింటివాసి:
మా బాత్రూమ్‌లో కొళాయి మూడు వారాలుగా కారుతోంది. అక్కడే గీజర్ ప్లగ్గు ఒక పిన్ను దగ్గర గోధుమరంగుకి తిరిగింది, సాకెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతోంది. హాల్లో ఒక గోడకి రంగు పొక్కులు లేచి రాలిపోతోంది. ఈ మూడు పనులూ నేనే చేద్దామనుకుంటున్నాను. వీడియోలు ఒక్కోటి రెండు మూడు సార్లు చూశాను. మా ఆవిడ మాత్రం ససేమిరా అంటోంది, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడుతుందని. మా నాన్నగారు ఏ పనికీ మనిషిని పిలిచేవారు కాదు, సైకిల్ నుంచి పంపు మోటారు దాకా ఆయనే విప్పి బిగించేవారు. పక్కన టార్చిలైటు పట్టుకుని నిలబడటమే నా పని. ఆ చెయ్యి నాకు రాలేదు, ఇప్పుడైనా నేర్చుకోవాలని గట్టిగా ఉంది. చేసి చూసినవాళ్లు చెప్పండి, మొదలుపెట్టనా వద్దా?

నీటిచుక్క:
కొళాయితో మొదలుపెట్టండి అన్నా, అంతకంటే మంచి మొదటి పాఠం లేదు. ముందు నీళ్లు ఆపే గేట్ వాల్వ్ కట్టేసి, కొళాయి తిప్పి పైపులో మిగిలిన నీళ్లు పోనివ్వండి. కింద నీళ్లు పోయే కన్నం మీద ఒక గుడ్డ పరవండి, స్క్రూ అందులో పడిందంటే ఇంక దొరకదు. పానా పట్టే చోట కూడా గుడ్డ చుట్టండి, లేకపోతే మెరుపంతా గీతలు పడుతుంది. పాత రకం కొళాయి అయితే స్పిండిల్, అంటే పిడితో పాటు తిరిగే కడ్డీ, దాని చివర రబ్బరు వాషర్ ఉంటుంది. దాన్ని వెలుతురులో పెట్టి చూస్తే గుండ్రంగా గాడి పడి ఉంటుంది, నీళ్లు కారేది ఆ గాడిలోంచే. అదే సైజుది వేయండి. వేసే ముందు వాషర్ ఆనే అంచుని వేలితో తడిమి చూడటం మరచిపోవద్దు. అది గరుకుగా ఉంటే కొత్త వాషర్‌ని కూడా కోసేస్తుంది, నెలలోపే మళ్లీ చుక్కలు మొదలవుతాయి. పావు తిప్పుతో తెరుచుకునే కొత్త రకమైతే లోపల పింగాణీ బిళ్లల కార్ట్రిడ్జ్ ఉంటుంది, దాన్ని మొత్తంగా మార్చాలి. పాతదాన్ని విప్పి చేత్తో పట్టుకెళ్లి సరిపోలింది తెచ్చుకోండి, చూడ్డానికి ఒకేలా ఉండి కొలత తేడా ఉండేవి చాలా ఉంటాయి.

ఇంకోటి, నీళ్లు కారకుండా మర మీద చుట్టే టెఫ్లాన్ టేపుని బిగించేటప్పుడు మర తిరిగే వైపే చుట్టాలి. ఎదురుగా చుడితే బిగిస్తుండగానే ముడుచుకుని బయటికొచ్చేస్తుంది.

వైర్‌పని:
కరెంటు పనే నా బతుకు, ఇరవై రెండేళ్లుగా చేస్తున్నాను. కొళాయి గురించి పైన చెప్పింది బాగుంది. గీజర్ ప్లగ్గు మాత్రం ముట్టుకోకండి. ఇది చదివిన వెంటనే ఆ గీజర్ వాడటం ఆపేయండి.

గోధుమరంగు అంటే అక్కడ పట్టు వదులై వేడి పుడుతోందని అర్థం. పది యాంపులు లాగే చోట పదోవంతు ఓమ్ అడ్డు పడినా పది వాట్ల వేడి పుడుతుంది. పది వాట్లు ఏపాటి అనిపించవచ్చు, కానీ అదంతా పుట్టేది గోరంత చోట, చుట్టూ ప్లాస్టిక్. ముందు రంగు మారుతుంది, తర్వాత వాసన వస్తుంది, ఆ తర్వాత అంటుకుంటుంది.

కొత్త సాకెట్ పెట్టేస్తే పోతుందనుకుంటారు. ఆ వేడికి లోపలి వైరు తొడుగు కూడా ఎండి పెళుసై ఉంటుంది. మంచి రాగి తగిలే దాకా వెనక్కి కత్తిరించాలి. ఎంత దాకా కత్తిరించాలో చూస్తే తెలుస్తుంది, వీడియోలో తెలియదు.

కొత్తచెయ్యి:
వైర్‌పని గారూ, ఒక సందేహం. ఏదైనా తేడా వస్తే బోర్డులోని ఎమ్‌సీబీ స్విచ్ దానంతటదే పడి కరెంటు ఆపేస్తుంది కదా? అది ఉండగా ఇంత భయమెందుకు?

వైర్‌పని:
మంచి ప్రశ్న తమ్ముడూ, చాలామంది ఈ ధైర్యంతోనే చెయ్యి పెడతారు. ఎమ్‌సీబీ కాపాడేది వైరుని, మనిషిని కాదు. దాని స్థాయి దాటి కరెంటు లాగితేనే పడుతుంది. వదులు జాయింటులో వెళ్లే కరెంటు మామూలుగానే ఉంటుంది, కాబట్టి జాయింటు కాలుతున్నా దానికి తెలియదు. మనిషి కోసం బోర్డులో ఉండే ఇంకో స్విచ్ ఆర్‌సీసీబీ. ఫేజ్ వైరులో వెళ్లిన కరెంటూ న్యూట్రల్ వైరులో తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా అని చూస్తుంటుంది. ఇళ్లకి వాడేది 30 మిల్లీయాంపుల తేడాకి ఆపేస్తుంది. మీ బోర్డులో అది ఉందో లేదో ఇవాళే చూడండి, ఉంటే టెస్ట్ బటన్ నొక్కి చూడండి. పడకపోతే మార్చేయాలి. అయితే కాలుతున్న జాయింటుని ఇది కూడా పట్టుకోదు, అక్కడ కరెంటు బయటికి పోవడం లేదు కదా.

ఒకసారి ఒక ఇంట్లో లైటు హోల్డర్ మార్చమన్నారు. స్విచ్ ఆపితే లైటు ఆరింది. అలవాటు కొద్దీ టెస్టర్ పెట్టాను, హోల్డర్ లోపల కరెంటు ఉంది! ఎవరో స్విచ్‌ని ఫేజ్‌కి బదులు న్యూట్రల్‌లో వేశారు. ఏళ్లుగా ఆ ఇంటివాళ్లు బల్బు మారుస్తూనే ఉన్నారు. ఆ పని ఎవరు చేశారో నాకు తెలియదు. బల్బు మాత్రం రోజూ చక్కగా వెలిగింది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

తలుపుగొళ్లెం:
ఆ పని చేసింది కూడా ఒక ఎలక్ట్రీషియనే అయి ఉండొచ్చు కదండీ? నేను అడిగేది అదే. పిలిస్తే సరిగ్గా చేస్తారన్న నమ్మకం ఎక్కడుంది? మా ఇంట్లో బాత్రూమ్ పైపు మార్చి టైల్స్ మూసేసి వెళ్లారు. ఆరు నెలలకి కింది వాటా సీలింగ్ మీద మచ్చ పడింది. మళ్లీ టైల్స్ పగలగొట్టి చూస్తే ఎల్బో, అదే పైపు మలుపు ముక్క, సగమే దిగి ఉంది, జిగురు ఒక పక్కే రాశారు. నాకు బాధేసింది డబ్బు గురించి కాదు. కింది వాటా పెద్దావిడ ఆ మచ్చ కింద మంచం జరుపుకుని పడుకుంది పాపం, నెలంతా.

ఇంకో సంగతి, ఇది ఆడవాళ్లకి తెలుస్తుంది. తలుపు తీయగానే "సార్ లేరా అమ్మా?" అంటారు. ఏం పాడైందో నేను చెబుతుంటే వినరు. అప్పటి నుంచి పట్టుబట్టి నేర్చుకున్నాను. తలుపు బిజాగిరీలు, సింకు కింద ట్రాప్, ఫ్లష్ ట్యాంకులో ఫ్లోటు, గోడకి డ్రిల్ వేయడం, అన్నీ నేనే. నేను చేయలేని పనికి మనిషిని పిలిచినా ఇప్పుడు ఏం అడగాలో తెలుసు. జాయింటు ఆరడానికి ఎంతసేపు, మూసేముందు నీళ్లు వదిలి చూశారా, అని అడుగుతాను. నేను అడుగుతుంటే పని తీరే మారుతుంది.

వైర్‌పని:
అమ్మా, మీరు చెప్పింది నిజం. మా వాళ్లలో అలా మూసేసి వెళ్లేవాళ్లున్నారు, మాకే సిగ్గుచేటు. మాకూ ఒక బాధ ఉంది, అదీ వినండి. ఇంట్లోవాళ్లు సగం చేసి, కుదరక, మమ్మల్ని పిలుస్తారు. "ముందు ఎవరైనా విప్పారా?" అంటే లేదంటారు. ఎర్త్ వైరు ఎక్కడికి పోతోందో తెలియని బోర్డులో చెయ్యి పెట్టేది మేము. చేస్తే చేశామని చెప్పండి, ఎవరూ తిట్టరు. ఆ ఒక్క మాట మా ప్రాణానికి సంబంధించింది.

గీజర్ పేరు వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను. నీళ్లు కాగేటప్పుడు వ్యాకోచించి సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు పడతాయి. లీకు అనుకుని దానికి డమ్మీ బిగించేవాళ్లని చూశాను. ఆ వాల్వ్ ట్యాంకు పగలకుండా ఉంచే దారి. దయచేసి మూయకండి.

నిచ్చెనమీద:
అందరూ కరెంటు గురించే మాట్లాడుతున్నారు. నేను పడింది స్టూలు మీద నుంచి. ఫ్యాన్ తుడుద్దామని మంచం మీద ప్లాస్టిక్ స్టూలు వేసుకుని ఎక్కాను. పరుపు ఒక పక్కకి కుంగింది. మణికట్టు రెండు చోట్ల విరిగింది, నాలుగు నెలలు చొక్కా గుండీ పెట్టుకోలేకపోయాను. అది పనే కాదు, తుడవడం! అందుకే పనికి పూనుకునే ముందు నేను చూసేది నాకు వచ్చా రాదా అని కాదు, నిలబడేది దేని మీద అని. గోడకి ఆనించే నిచ్చెన అయితే నాలుగడుగుల ఎత్తుకి ఒక అడుగు చొప్పున కాళ్లు గోడకి దూరంగా ఉండాలి. కింద ఒక మనిషి పట్టుకోవాలి. పట్టుకునే మనిషి లేకపోతే ఆ రోజు ఆ పని లేదు.

నీటిచుక్క:
తలుపుగొళ్లెం గారి మాటా వైర్‌పని గారి మాటా రెండూ నిజమే అనిపిస్తోంది నాకు. అందుకే పని తేలికా కష్టమా అని చూడను. తప్పు చేస్తే అది నాకు ఎప్పుడు కనిపిస్తుందో చూస్తాను. వాషర్ తప్పు వేస్తే నిమిషంలో చుక్క పడుతుంది, విప్పి మళ్లీ వేస్తాను. జాయింటు వదులుగా వేస్తే రెండేళ్ల తర్వాత అర్ధరాత్రి కాలుతుంది. గోడలోకి పోయే పని, గ్యాస్ పని, పైన బరువు మోసే గోడ పని, వీటిల్లో తప్పు దాక్కుంటుంది. వాటి జోలికి పోను.

తలుపుగొళ్లెం:
నీళ్లలో కూడా తప్పు దాక్కుంటుందండీ, మా ఎల్బో ఆరు నెలలు దాక్కుంది. ఈ గీత అంత సూటిగా లేదు. తప్పుని బయటికి లాగడం నేర్చుకోవాలి, అది కూడా పనిలో భాగమే. సింకు కింద ఏది బిగించినా రాత్రంతా పొడి కాగితం పరుస్తాను. చేత్తో తడిమితే తెలియని చెమ్మ కూడా కాగితం మీద వలయంలా కనిపిస్తుంది. అలా చూసుకునే దారి లేని పనైతే మీరన్నట్టే, నేనూ చేయను.

వైర్‌పని:
కరెంటులోనూ అలాంటి అలవాటు ఒకటుంది. మెయిన్ ఆపాక నేరుగా పని మొదలుపెట్టను. ముందు కరెంటు ఉన్న వేరే చోట టెస్టర్ పెట్టి అది పనిచేస్తోందో చూస్తాను, తర్వాత పనిచేసే చోట చూస్తాను, మళ్లీ మొదటి చోటికెళ్లి చూస్తాను. మూడోసారి చూడకపోతే మధ్యలో టెస్టరే చచ్చిపోయిందేమో తెలియదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఒక్క రోజు మానలేదు.

సున్నంగోడ:
హాల్లో గోడ సంగతి ఎవరూ తీయలేదు. పాతింటివాసి గారూ, పొక్కులు గీకి, పుట్టీ పెట్టి, రంగు వేయకండి. ఏడాది తిరక్కుండా మళ్లీ అదే చోట లేస్తాయి. చెమ్మ ఎటు నుంచి వస్తోందో ముందు తేల్చండి. పొక్కుల చోట గోడని పొడిగుడ్డతో తుడిచి, రెండు జానల అల్యూమినియం ఫాయిల్ నాలుగు అంచులా టేపుతో గాలి దూరకుండా అతికించండి. రెండు రోజుల తర్వాత విప్పండి. గోడవైపు తడి ఉంటే చెమ్మ గోడలోంచి వస్తోంది, అంటే పైపో, వాననీరో, నేలలోంచి ఎక్కేదో. గదివైపు తడి ఉంటే గదిలోని ఆవిరే చల్లటి గోడ మీద చేరుతోంది, దానికి గాలి ఆడాలి. ఆ గోడకి అవతల మీ బాత్రూమ్ ఉందా?

ఇల్లు నిజంగా పాతదైతే ఇంకో జాగ్రత్త. పాత రంగుల్లో సీసం కలిపేవారు. పొడిగా రుద్దితే ఆ దుమ్ము పిల్లలకి చాలా చెడ్డది. తడిపి గీకండి, మాస్కు పెట్టుకోండి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి.

పాతింటివాసి:
అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. గీజర్ ఆ రోజే ఆపేశాను. నిన్న ఎలక్ట్రీషియన్ వచ్చాడు, నేను పక్కనే నిలబడి టార్చిలైటు పట్టుకున్నాను. సాకెట్ విప్పగానే కాలిన వాసన. వైరు తొడుగు జానెడు దాకా వంచితే పెచ్చులు పెచ్చులుగా రాలింది. వీడియో చూసి నేను చేసి ఉంటే సాకెట్ మాత్రమే మార్చి ఊరుకునేవాణ్ణి, అది ఒప్పుకోవాలి. మా బోర్డులో ఆర్‌సీసీబీ అసలు లేదని తేలింది, వచ్చే వారం వేస్తానన్నాడు.

కొళాయి నేనే చేశాను. వాషర్‌లో గాడి నీటిచుక్క గారు చెప్పినట్టే ఉంది, గోరు పట్టేంత లోతుగా. మొదటిసారి బిగించాక మళ్లీ చుక్క పడింది. విప్పి చూస్తే వాషర్ వంకరగా కూర్చుంది. రెండోసారి సరిపోయింది. రాత్రి కింద కాగితం పరిచాను, పొద్దున మా ఆవిడే తీసి చూసి పొడిగా ఉందని చెప్పింది.

సున్నంగోడ గారూ, అవును, ఆ గోడకి అవతల బాత్రూమే. ఫాయిల్ ఇవాళ పొద్దున అతికించాను. ఎల్లుండి పొద్దున విప్పి, తడి ఏ వైపు ఉందో ఇక్కడే రాస్తాను.