లోతు గోబీకి పేరు పెట్టాలంటే చంపాల్సిందేనా?

నీటినీడ: 2016లో వారికస్ లాసెర్టా అనే గోబీ చేపకు పేరు పెట్టారు. కరీబియన్‌లో కురసావ్ దగ్గర, 129 నుంచి 143 మీటర్ల లోతులో దొరికింది. మనుషులు కూర్చుని దిగే చిన్న జలాంతర్గామి కురాసబ్‌లో వెళ్లి పట్టారు. వేలెడంత చేప, పసుపు నారింజ ఒళ్లు, ఆకుపచ్చ కళ్లు, బల్లిలాంటి తల. ఇప్పుడది నమూనాగా సీసాలో ఉంది. పేరు పెట్టడానికి ఫొటో, డీఎన్ఏ కోసం రెక్క ముక్క సరిపోవా?

పొలుసు: సరిపోవు. ఒకసారి మధ్యాహ్నమంతా మైక్రోస్కోప్ కింద రెండు గోబీలను చూశాను. ఒకటే అనుకున్నాను. తేడా అంతా చెంప మీద సూదిమొనంత బొడిపెల వరసలోనే ఉంది, ఒకదానికి అడ్డంగా, ఇంకోదానికి నిలువుగా. ఏ ఫొటోలో కనిపిస్తుంది చెప్పండి?

గవ్వ: 2015లో ఒక ఈగకు ఫొటోలతోనే పేరు పెట్టారుగా?

పొలుసు: పెట్టారు. దాని మీద పెద్ద గొడవే అయింది. నమూనా లేకపోతే మళ్లీ సరిచూసేదెలా?

కెరటం: అసలు "చంపడం" అనకండి. మత్తుమందు చల్లి, గొట్టంతో లోపలికి పీలుస్తారు.

నీటినీడ: ఆ తర్వాత సీసాలోకి వెళ్లలేదా?

కెరటం: నేను చెప్తున్నది పట్టే పద్ధతి గురించి.

నీటినీడ: పద్ధతి నాకు చెప్పకండి! లోతు గోబీ అని ఒక అమ్మకందారు దగ్గర కొన్నాను. మూడో రోజుకే రాయి పక్కన ఒరిగిపోయి, మొప్పలు గబగబా కొట్టుకుంటూ పోయింది. ఎంత లోతు నుంచి తెచ్చావంటే జవాబు లేదు.

పొలుసు: అతని తప్పు పరిశోధకుల నెత్తిన రుద్దుతారేం?

నీటినీడ: పేరు, లోతు, చోటు అన్నీ వాళ్లే అచ్చు వేస్తారు కాబట్టి. కొత్త పేరు వినగానే కొనేవాళ్లు ఎగబడతారు. నేనూ ఎగబడ్డాను. సీసాలో చేప గురించి కాదండీ నా బాధ, దాని వెనకాల వచ్చేవాళ్ల గురించి.

పొలుసు: ఈ మాట ముందే అనాల్సింది. కానీ పేరే లేని చేపను అంతరించే ముప్పున్న జీవుల ఎర్రజాబితాలో ఎలా చేరుస్తారు? సముద్రంలో 130 నుంచి 309 మీటర్ల లోతు దాకా ఉన్నది వేరే మండలమని 2018లో తేల్చగలిగారంటే, అక్కడి చేపల్ని ఒక్కొక్కటిగా గుర్తుపట్టబట్టే.

నీటినీడ: పేరు పెట్టండి, చోటు దాచండి.

గవ్వ: కొన్ని అరుదైన బల్లుల విషయంలో అలాగే చేస్తున్నారు.

పొలుసు: బల్లి కోసం ఎవరైనా కొండెక్కుతారు. 140 మీటర్లకు ఎవరు దిగుతారండీ?

నీటినీడ: నా తొట్టెదాకా తెచ్చినవాడు ఎంత లోతుకు దిగాడో మీరు చెప్పగలరా?