విశ్వం వ్యాకోచిస్తుంటే ఆండ్రోమెడా గెలాక్సీ మన వైపుకెందుకు వస్తోంది?

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. నిన్న బెలూన్ మీద స్కెచ్ పెన్నుతో చుక్కలు పెట్టి, ఊది చూపించాను. ఈ చుక్కల్లాగే గెలాక్సీలూ ఒకదానికొకటి దూరమవుతున్నాయని, 1929లో ఖగోళ శాస్త్రవేత్త హబుల్ తేల్చింది అదేనని చెప్పాను. అంతా విని, "మరి ఆండ్రోమెడా మన వైపే వస్తోందట కదా నాన్నా?" అంది.

నిజమే. దాని కాంతి నీలం వైపు జరిగిందని (దగ్గరికొచ్చే వాటి కాంతి అలా జరుగుతుంది), సెకనుకు 300 కిలోమీటర్ల వేగంతో దగ్గరవుతోందని 1912లోనే స్లైఫర్ అనే ఖగోళ శాస్త్రవేత్త కొలిచాడు. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో కూడా గురుత్వాకర్షణదే పైచేయి అనుకుంటున్నాను. మరి ఎంత దూరం దాటితే వ్యాకోచం గెలుస్తుంది? బెలూన్‌తోనే ఇది చూపించే దారి ఉందా? మొన్న డాబా మీద బైనాక్యులర్‌లో మసక మరకలా ఆండ్రోమెడాని చూసినప్పటి నుంచి తనకి ఇదే ధ్యాస. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.