మ్యూజియంలో మనుషుల ఎముకలు: ఉంచాలా, ఇచ్చెయ్యాలా?

కృష్ణలంక_కిరణ్:
అమెరికా ఫిలడెల్ఫియాలో పెన్ మ్యూజియం వాళ్ళు 2024లో 19 మంది నల్లజాతి వాళ్ళ పుర్రెల్ని శ్మశానానికి తీసుకెళ్ళి సమాధి చేశారు, చదివారా ఎవరైనా. శామ్యూల్ మోర్టన్ అనే డాక్టరు 1830, 40ల్లో మొదలెట్టిన కలెక్షన్ అది, వెయ్యికి పైనే పుర్రెలు. లోపల ముందు గింజలు, తర్వాత సీసపు గుళ్ళు పోసి కొలిచి తెల్లోళ్ళకే బుర్ర పెద్దదని 1839లో పుస్తకం కూడా వేశాడు. చచ్చిపోయినోళ్ళనీ అడగలా, వాళ్ళ వాళ్ళనీ అడగలా. మన మ్యూజియాల్లో కూడా అస్థిపంజరాలున్నాయి కదా, నా మటుకు అడిగేవాళ్ళుంటే ఇచ్చెయ్యాల్సిందే. మీరేమంటారు?

డాక్టర్_బ్రాడీపేట:
తమ్ముడూ, మోర్టన్‌ని ఎవరూ వెనకేసుకురారు. కానీ అన్నీ పూడ్చేస్తే రేపు చదివేదేంటి? హర్యానాలో తవ్విన రాఖీగఢీలో ఒక్క ఆడమనిషి ఎముకల్లోంచి తీసిన డీఎన్ఏతోనే 2019లో హరప్పా వాళ్ళ గురించి అంత రీసెర్చ్ పేపరు వచ్చింది. హిమాలయాల్లో రూప్‌కుండ్ సరస్సు ఎముకలన్నీ ఒకే గుంపువి అనుకునేవాళ్ళు, అదే ఏడాది టెస్టు చేస్తే మధ్యధరా సముద్రం వైపు వాళ్ళు కూడా ఉన్నారని తేలింది. ఎవరో పుణ్యం అని కాల్చేసుంటే ఇదంతా పోయేది. మేం ఎంబీబీఎస్ ఫస్టియర్లో సీనియర్ల దగ్గర బోన్ సెట్ కొనుక్కుని రాత్రిళ్ళు దాన్ని చేత్తో పట్టుకుని చదివినోళ్ళం, ఎముకంటే మాకున్న గౌరవం వేరు.

తవ్వకాల_పిచ్చి:
డాక్టర్ గారూ మీ గౌరవం మీద నాకు అనుమానం లేదండీ, కానీ ఆ సెట్టు ఎవరిది? 1985లో కేంద్రం ఎగుమతి ఆపేదాకా ప్రపంచంలో చాలా మెడికల్ కాలేజీలకి అస్థిపంజరాలు మన దేశం నుంచే వెళ్ళేవి, కలకత్తా పెద్ద సెంటరు. అవి డబ్బున్నోళ్ళ ఎముకలైతే కాదు.

ఇంకోటి, ఇది మన పక్కనే జరిగింది కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తా. 1892లో అలెగ్జాండర్ రీ అనే ఆయన భట్టిప్రోలు స్తూపం తవ్వితే రాతి భరిణెలు, వాటి మీద బ్రాహ్మీ అక్షరాలు, లోపల స్ఫటికం భరిణెలో చిన్న ఎముక దొరికాయి. ఆ ఎముకని బుద్ధుడిదని బౌద్ధులు అడిగారు, ప్రభుత్వం ఇచ్చింది, 1920లో కలకత్తా ధర్మరాజిక విహారంలో పెట్టి పూజలు చేశారు. నాగార్జునకొండ తవ్విన లాంగ్‌హర్స్ట్‌కి దొరికిన ఎముక ముక్క కూడా అంతే, 1932లో సారనాథ్ వెళ్ళింది. బాగుంది, నేను సంతోషిస్తా. కానీ అదే రీ తర్వాత తమిళనాడులో ఆదిచ్చనల్లూరు తవ్వాడు, మట్టి కుండల్లో పూడ్చిన మనుషులు బయటపడ్డారు, ఆ పుర్రెలు మద్రాసు మ్యూజియంకి చేరాయి, 1930లో జుకర్‌మన్ అనే సైంటిస్టు వాటిని కొలిచి మ్యూజియం బులెటిన్‌లో రిపోర్టు రాశాడు. తవ్విన చెయ్యి ఒకటే, అవీ మనిషి ఎముకలే, ఒకదానికి గుడి దొరికింది ఇంకోటి స్పెసిమెన్ అయిపోయింది. తేడా సైన్సుది కాదండీ, ఒకళ్ళ తరఫున గట్టిగా అడిగేవాళ్ళున్నారు, రెండో వాళ్ళకి లేరు. నాకు బాధ అక్కడే.

పటమట_టీచర్:
హైదరాబాద్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది కదండీ, పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు వాళ్ళు వదలకుండా చూసేది దాన్నే. తీసేస్తే పిల్లలకి నష్టం కాదా?

తవ్వకాల_పిచ్చి:
మేడం చూపించండి, కానీ ఆ అమ్మాయి ఎవరు, ఎట్టా ఇక్కడికొచ్చింది అనేది కూడా చెప్పండి పిల్లలకి. ఆరో నిజాం అల్లుడు కొని తెచ్చాడు ఆమెని.

కృష్ణలంక_కిరణ్:
కొలతల సంగతంటే మనోళ్ళని కూడా వదల్లా. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా చేసిన ఎడ్గార్ థర్‌స్టన్ బతికున్న జనం తలలు, ముక్కులు పరికరాలు పెట్టి కొలిచి కులాల వారీగా లెక్కలు రాశాడు, అందులో తెలుగోళ్ళు కూడా ఉన్నారు.

డాక్టర్_బ్రాడీపేట:
అది వేరే పాపం. ఆదిచ్చనల్లూరు సంగతి చెప్పండి, రెండున్నర వేల ఏళ్ళు దాటిన ఎముకలకి వారసుడెవరు? ఎవరికిస్తారు? మన ఈశాన్యంలోని నాగా తెగలవాళ్ళు తమవాళ్ళ ఎముకలు ఇమ్మని ఆక్స్‌ఫర్డ్ పిట్ రివర్స్ మ్యూజియంని అడుగుతున్నారంటే అర్థముంది, వాళ్ళ తాతల నాటివి. 2024లో ఇంగ్లండులో నాగా పుర్రెని వేలానికి పెడితే నేనూ మండిపడ్డా, అది ఆపించటం చాలా మంచి పని. శ్రీలంక ఆదివాసులైన వెద్దాలకి ఎడిన్‌బరో యూనివర్సిటీ 2019లో 9 పుర్రెలు ఇచ్చింది, అదీ కరెక్టే. మరీ పాతవాటికి ఈ రూలు కుదరదు.

తవ్వకాల_పిచ్చి:
కెన్నెవిక్ మనిషి గురించి చూడండి సార్. 1996లో అమెరికాలో దొరికాడు, సుమారు 8,500 ఏళ్ళ నాటివాడు. అక్కడి ఆదివాసీ తెగలు మా పూర్వీకుడు అన్నాయి, సైంటిస్టులు ఇంత పాతోడు మీవాడెట్టా అవుతాడని కోర్టుకెళ్ళి గెలిచారు. 2015లో డీఎన్ఏ వస్తే తెగలు చెప్పిందే నిజమైంది, 2017లో పూడ్చుకున్నారు.

డాక్టర్_బ్రాడీపేట:
చూశారా, టెస్టు చేశారు కాబట్టే గదా తేలింది! ముందే పూడ్చేసుంటే?

తవ్వకాల_పిచ్చి:
టెస్టు వద్దనట్లేదండీ. వాళ్ళని కూర్చోబెట్టి అడిగి చెయ్యమంటున్నా, 20 ఏళ్ళు కోర్టుల చుట్టూ తిప్పి కాదు. మన దగ్గర ముందు జరగాల్సింది ఒకటే, ఏ మ్యూజియం స్టోర్‌రూంలో ఎవరి ఎముకలున్నాయి, ఏ ఊళ్ళో ఏ ఏడాది ఎవరు తవ్వారు అని లిస్టు బయటపెట్టాలి. అమెరికాలో 1990 చట్టం కూడా మ్యూజియాల్ని లిస్టులు రాయమంది. పల్నాడులోనో ప్రకాశంలోనో తవ్విన రాకాసి గుళ్ళలో (పాతకాలపు రాతి సమాధుల్లో) ఎముకలుంటే ఆ ఊరోళ్ళకి తెలియాలా వద్దా?

డాక్టర్_బ్రాడీపేట:
లిస్టు దాకా మీతోనే ఉన్నా, సంతకం కూడా పెడతా. ఊరోళ్ళు పూడ్చమన్నా ఒక పన్ను, చెవి దగ్గర ఎముక అయినా మ్యూజియంలో ఉంచాలంటా, డీఎన్ఏ బాగా దొరికేది వాటిల్లోనే. ఆ విషయంలో మాత్రం తగ్గను.

కృష్ణలంక_కిరణ్:
ఊరోళ్ళు ఆ పన్ను కూడా ఇవ్వం అంటే సార్?