అప్‌డేట్: పిల్లలతో చిక్కీ ప్యాకెట్లు అమ్మించడం గురించి అడిగాను కదా

మా పదేళ్ల పాపకి యూత్ గ్రూప్ వాళ్లు క్యాంపు ఖర్చుల కోసమని 30 చిక్కీ ప్యాకెట్లు ఇచ్చి, ఇంటింటికీ తిరిగి అమ్మమన్నారు, ఇది సబబేనా అని పోయిన నెల అడిగాను. మేముండేది బెంగళూరు మారతహళ్లిలో.

ముందు లెక్క అడగమన్నారు మీలో చాలామంది. అడిగాను. 100 రూపాయల ప్యాకెట్‌లో గ్రూపుకి మిగిలేది 20. మరి మా పిల్లలు ఎవరి కోసం తిరుగుతున్నట్టు?

అంతకన్నా బాధ కలిగించింది ఆదివారం నాటి సంగతి. పాప వెనకాలే నేనూ వెళ్లాను. గేటు దగ్గర "అంకుల్, ఒక్కటి తీసుకోండి" అనగానే వాచ్‌మన్ చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన వంద నోటు తీశాడు. తిరిగి ఇవ్వబోతే పుచ్చుకోలేదు. "పాప అడిగింది కదమ్మా" అన్నాడు. పసిపిల్ల మొహం చూసి ఎవరూ కాదనలేరనే కదా ఈ పద్ధతి పెట్టింది!

అమెరికాలో గర్ల్ స్కౌట్లు 1917 నుంచీ కుకీలు అమ్ముతున్నారని, పిల్లలకి ధైర్యం వస్తుందని ఒకరు రాశారు. నిజమే, మా పాపకీ బెరుకు తగ్గింది. కానీ అక్కడ ఓక్లహోమాలో మొదలుపెట్టిన పిల్లలు తాము స్వయంగా చేసినవి స్కూల్లో అమ్మారు. ఇది వేరు.

మిగిలిన 17 ప్యాకెట్లు వాపసు ఇచ్చేశాను. ఎక్కువ అమ్మినవాళ్లకి సైకిల్ అనే బహుమతి తీసేస్తామన్నారు, అమ్మకం మాత్రం ఆపరట. పాప క్యాంపు ఫీజు మేమే కడుతున్నాం. కట్టలేని ఇద్దరు పిల్లల సంగతి ఏం చేయాలో శనివారం తల్లిదండ్రులం కూర్చుని మాట్లాడుకుంటాం.